నెరీనా అల్లిన రహదారి

నెరీనక్కకు కారు నడపడం రాదు. నేర్చుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోనూ లేదు. పొద్దున ఆరుంబావుకు సముద్రం ఒడ్డున ఉన్న మా చిన్న ఊరు నోవీలో బస్సెక్కి రేవు పట్టణం రియెకాలో దిగడం, మధ్యాహ్నం మూడున్నరకు రియెకాలో ఎక్కి నోవీలో దిగడం. రెండు పూటలా సముద్రం వైపు కిటికీ పక్కనే కూర్చునేది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎరిగిన ప్రయాణం అదొక్కటే. అలాంటి మనిషి, పోలీసులు తరుముతుంటే పారిపోయే కార్ల ఆటకు రోడ్డు గీసిందంటే ముందు నవ్వింది మేమే.

మేమిద్దరం రియెకాలో ఒక స్వెట్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. నేనూ అదే బస్సులో వెళ్లేదాన్ని, పొద్దున పూట మాత్రం దారంతా కునుకు తీసేదాన్ని. ఆమె గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేది. కాగితం మీద ఒక గడి అంటే స్వెట్టర్ మీద ఒక ముడి. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు పొడిచేదాన్ని. ఆ అట్టలను మిషన్‌లో పెడితే అది జింకల్నీ, మంచు పూలనీ, లంగర్లనీ అల్లుకుంటూ పోయేది. ఆమె నాకన్నా ఆరేళ్లు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్లు సగం మూసుకుని చూసే అలవాటు. భర్త బెర్తో సరుకుల ఓడలో వంటవాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. పిల్లల్లేరు. పొద్దున్నే వచ్చి కూర్చోగానే అందరూ ఇంటి సంగతులు చెప్పుకుంటుంటే ఆమె సముద్రం సంగతి చెప్పేది.

"ఇవాళ దీవి వంతెన దగ్గర బూడిదరంగులో ఉందే వింకా. బకార్ ఊరి దగ్గరికొచ్చేసరికి విరిగిన పాలలా అయిపోయింది."

"నిన్నా అదే చెప్పావు కదక్కా."

"నిన్నటిది వేరే బూడిద."

ఎనభై ఆరో సంవత్సరం శరదృతువులో, ఒక శనివారం నేను వాళ్లింట్లో ఉండగా ఆమె అక్క కొడుకు దావోరిన్ ఒక సంచి పట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగ్ చదువు చివరికొచ్చింది, మనిషి మాత్రం నిద్రలేక పీక్కుపోయి ఉన్నాడు. సంచిలోంచి రబ్బరు మీటలున్న నల్లటి చిన్న కంప్యూటర్ తీశాడు. ఇటలీలోని త్రియెస్తె నుంచి కోటు లోపల దాచి సరిహద్దు దాటించాడట. దాన్ని టీవీకి తగిలించి, టేప్ రికార్డర్‌లో కాసెట్ వేసి, నాలుగు నిమిషాలు కీచుమనిపించాక తెర మీద ఒక రోడ్డు కనిపించింది. రోడ్డు మీద ఎర్ర కారు, దాని వెనక ఇంకేదో.

"చూడు పిన్నీ, ఇది చెట్టు."

"చెట్టా? నేను క్యాలీఫ్లవర్ అనుకున్నా."

"ఇదేమో పోలీసు కారు."

"అగ్గిపెట్టె మీద దీపం పెట్టావేంట్రా?"

దావోరిన్ తల వంచుకున్నాడు. "అందుకే వచ్చా. కారును పరిగెత్తించడం నాకొచ్చు. వెనకాల పోలీసు తరమడం, మలుపులో కారు జారడం, అన్నీ వచ్చు. బొమ్మలే రావు. నువ్వు రోజంతా గళ్లలోనే కదా బతికేది."

"నాకు కార్ల గురించి ఏం తెలుసురా?"

"కార్లు నేను చూసుకుంటా. నాకు రోడ్డు కావాలి. కాకపోతే ఒక చిక్కుంది." వాడు గొంతు తగ్గించాడు, చెడ్డ వార్త చెప్పబోతున్నట్టు. "ఎనిమిది గళ్ల పొడవు, ఎనిమిది గళ్ల వెడల్పు. అంత ముక్కలో రెండే రంగులు పడతాయి. మూడోది పెడితే ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. దీనికే అందరూ తలలు పట్టుకుంటారు."

నేనూ ఆమే మొహాలు చూసుకుని పకపకా నవ్వాం. మా మిషన్ వరసకు రెండు దారాలే తీసుకుంటుంది మరి.

"ఒరేయ్, ఆ రెండు దారాలతోనే కదరా నేను అన్నం తింటున్నది," అంది నెరీనక్క.

ఆ చలికాలమంతా ఆమె రెండు రకాల గళ్ల కాగితాల మీద బతికింది. పగలు ఫ్యాక్టరీవి, ఇంటికెళ్లాక దావోరిన్‌వి. రోడ్డు ఎక్కడిదని ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఆమెకు తెలిసిన రోడ్డు ఒకటే. ఆట రియెకాలో మొదలయ్యేది. బకార్ దగ్గర పొగగొట్టం, దాని పొగ, తర్వాత ఎదురుగా బోడిగా పడుకున్న దీవి, దానికి వేసిన వంతెన, రాళ్లు పేర్చిన గోడలు, గోడల మీంచి తొంగిచూసే అంజూరపు కొమ్మలు, గన్నేరు పూలు. చెట్టుకూ ఆకాశానికీ మధ్య నల్లటి గళ్లు ఒక వరస వదిలేది. స్వెట్టర్ మీద ఎర్ర జింక తెల్లమంచులోకి కరిగిపోకుండా మేం చేసే పనే అది. దావోరిన్ ఆ నల్ల వరస మీద వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టాడు. తర్వాత, "పుస్తకాల్లో ఇది రాయలేదు పిన్నీ," అన్నాడు.

పోలీసు కారు మాత్రం ఆమెకు కుదరలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే దాని పైభాగమే కనిపించేది. మార్చిలో ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని దారిలో దిగింది. వంతెన దాటాక వచ్చే పెద్ద మలుపులో ట్రాఫిక్ పోలీసు జ్వానే ఎప్పుడూ కారు ఆపుకుని కూర్చుంటాడు. ఈమె వెళ్లి కారు వెనక నిలబడి కాగితం తీసి గీయడం మొదలుపెట్టింది. ఆయన దిగొచ్చాడు. పెద్ద మీసం, పెద్ద పొట్ట.

"ఏమండోయ్, ఏం చేస్తున్నారక్కడ? ప్రభుత్వ వాహనం బొమ్మ తీయకూడదని తెలీదూ?"

"తీయట్లేదు, గీస్తున్నా. కాస్త పక్కకు జరుగు, బంపర్ కనబడట్లేదు."

ఆయన జరిగాడు. జరిగాక కోపం వచ్చింది. "అసలెవరు నువ్వు? ఆగాగు, ఓడ మీద వంట చేసే బెర్తో భార్యవి కదూ?"

ఆట సంగతి చెప్పాం. ఎర్ర కారు పారిపోతుందని, పోలీసు తరుముతాడని. జ్వానే టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"దొరుకుతాడా?"

"ఆడేవాళ్లను బట్టి ఉంటుంది," అన్నాను నేను.

"చూడు చెల్లెమ్మా," ఆయన నెరీనక్క వైపు తిరిగి, కారు మీద చెయ్యి వేసి అన్నాడు, "నేను ఈ రోడ్డు మీద పంతొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఈ బండి ఎత్తెక్కేటప్పుడు దగ్గుతుంది. ఆ ఇటలీ వాళ్లు, జర్మన్లు నా పక్కనించి వెళ్తూ చేతులూపి పోతారు. నాకు దొరికేదల్లా సముద్రం చూద్దామని బండి ఆపుకున్నవాళ్లే. మీ బొమ్మలోనైనా దీన్ని పరిగెత్తనివ్వండి."

ఆ మాట నెరీనక్క మనసులో పడిపోయింది. దావోరిన్‌ను పోరు పెట్టి పోలీసు కారును ఎంత వేగంగా చేయించిందంటే, రెండు వారాలు ఎవరూ మొదటి మలుపు దాటలేదు. "పిన్నీ, ఇలాగైతే ఇది ఆట కాదు, అరెస్టు," అని వాడు మొరపెట్టుకున్నాక కొంచెం తగ్గించడానికి ఒప్పుకుంది.

అసలు గొడవ సముద్రం దగ్గర వచ్చింది. కంప్యూటర్ బుర్రలో చోటు అయిపోయింది. కారు, మలుపులు, సైరన్, అన్నీ పెట్టేసరికి నీళ్లకు చోటు లేదన్నాడు దావోరిన్.

"కుడిపక్కంతా నీలంగా నింపేస్తా. ఎవరు చూస్తారు పిన్నీ? అందరూ రోడ్డే చూస్తారు."

"నేను చూస్తాను."

"నువ్వు ఆడవు కదా!"

అది నిజమే. ఆమె ఆడితే రెండో మలుపులోనే గోడకు గుద్దేది. అయినా ఆ మాటకు ముఖం చిన్నబుచ్చుకుని కాగితాలన్నీ చుట్టేసింది. వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనాల వేళ, నా బల్ల మీద పడున్న పాత అట్టను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది.

"వింకా, లంగర్ల అంచు ఎన్ని గళ్లకోసారి తిరిగొస్తుందే?"

"ఎనిమిదికి."

"ఎనిమిదే కదా."

అంతే. భోజనం వదిలేసి కూర్చుంది. ఎనిమిది గళ్ల అల ఒక్కటి గీసింది. దాన్నే పక్కపక్కన పేర్చి, ప్రతి వరసా మూడు గళ్లు పక్కకు జరిపితే కాగితం మీద నీళ్లు కదిలాయి. ఒక్క అల దాచడానికి చోటుంటే చాలు, సముద్రమంతా దానిలోంచే వస్తుంది. దావోరిన్ ఆ కాగితం చూసి సంచి కింద పెట్టి ఆమె చేతిని ముద్దు పెట్టుకున్నాడు. "దీన్ని అల్లికంటారా, లెక్కలంటారా పిన్నీ?" అని అడిగితే, "మా ఫ్యాక్టరీలో దీన్ని సోమవారం పని అంటారు," అంది.

ఆటకు వాడు 'నీలిదీపం' అని పేరు పెట్టాడు. అప్పట్లో మా రేడియోలో ఆదివారం పదకొండింటికి యువకుల కార్యక్రమం ఒకటి వచ్చేది. అందులో కంప్యూటర్ ఆటలను శబ్దంగా వినిపించేవాళ్లు. ఇళ్లలో టేప్ రికార్డర్ పెట్టి ఎక్కించుకుంటే, ఆ కాసెట్ నుంచి ఆట లేచేది. మే నెలలో ఒక ఆదివారం మా ఆట వంతు వచ్చింది.

నెరీనక్క వంటింట్లో సార్డీన్ చేపలు వేపుతోంది. నేను బచ్చలాకు, ఆలుగడ్డలు ఉడికిస్తున్నాను. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అనౌన్సర్, "కాసెట్లు సిద్ధం చేసుకోండి, ఇంట్లో ఎవరూ ఇస్త్రీ పెట్టె ఆన్ చేయకండి, కాసెట్‌లో గరగర ఎక్కుతుంది," అన్నాడు. తర్వాత కీచుమని మొదలైంది. మా రేడియోలోనే కాదు. ఎదురింట్లో, మూల మీది ఇంట్లో, కింద చేపల దుకాణం పైనున్న ఇంట్లో, ఎండలో ఆరేసిన దుప్పట్ల వెనకనించి, కొండ మీదికి పోయే మెట్ల పొడుగునా అదే కీచు. వీధి వీధంతా ఒకే గొంతుతో అరుస్తోంది.

పై అంతస్తు ముసలమ్మ కిటికీలోంచి కేకేసింది. "అమ్మా నెరీనా, నా రేడియో చచ్చిపోతోంది, ఎవరైనా వచ్చి చూడండే!"

నెరీనక్కకు వినపడలేదు. స్టవ్ ఆర్పేసి కుర్చీలో కూర్చుంది. కళ్లు మూసుకుంది. శబ్దం కాసేపు ముద్దగా ఉండి, కాసేపు పలచబడి, కాసేపు ఒకే తీరున తిరిగితిరిగి వచ్చేది.

"ఇది గోడ," అంది మెల్లగా. "రాళ్ల గోడ. వినబడుతోందా?"

"నాకు పళ్లు పులుస్తున్నాయక్కా."

"ఉష్. ఇవి గన్నేరు పూలు." శబ్దం గరగరలాడటం మానేసి నున్నగా, పొడుగ్గా సాగినప్పుడు ఆమె ముఖం మీద ఏదో పాకింది. "ఇది నీళ్లే వింకా. ఇది సముద్రం. చూడు, అందరి కిటికీల్లోంచీ లోపలికి పోతోంది."

ఆమెకు నిజంగా తెలిసిందో, తెలిసినట్టు తోచిందో నేను అడగలేదు. చేపలు మాడాయి. అలాగే తిన్నాం.

ఆ తర్వాత రేడియో వాళ్ల నుంచి ఉత్తరాల కట్టలు వచ్చాయి. ఏడో మలుపు ఎలా దాటాలి, పోలీసును ఎలా పడేయాలి, ప్రాణాలు ఎక్కువ కావాలంటే ఏ మీట నొక్కాలి. వాటిని దావోరిన్ పట్టుకుపోయేవాడు. ఒక్క ఉత్తరం మాత్రం నెరీనక్క తన దగ్గర పెట్టుకుంది. దేశం అవతలి కొసన ఎక్కడో మైదానపు ఊరినుంచి ఎటెల్కా అనే అమ్మాయి రాసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరట, కంప్యూటర్ తమ్ముడిదట.

"మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తైనది రైలు పట్టాల మీది వంతెన," అని రాసింది. "సముద్రం నేను చూడలేదు. మీ ఆటలో నేను వేగంగా పోను. నెమ్మదిగా పోతే పోలీసు పట్టుకుంటాడు, అయినా పట్టుకునేలోగా రెండు మలుపుల దాకా చూడొచ్చు. ఆ తర్వాత ఏముంటుందో చూడాలని ఉంది. వేగంగా పోతే కనబడదు, నెమ్మదిగా పోతే పోనివ్వడు. ఆ పోలీసును ఒక్కసారి ఊరుకోమని చెప్పగలరా?"

నెరీనక్క ఆ ఉత్తరాన్ని దావోరిన్ ముందు పెట్టింది.

"పోలీసు పట్టుకోకపోతే ఇక ఆటేముంది పిన్నీ?"

"ఆమె ఆట అడగలేదురా. దారి అడిగింది."

వాడు గొణుక్కుంటూనే కూర్చుని ఎక్కడో ఒక్క అంకె మార్చాడు. అప్పుడు పోలీసు కారు వచ్చింది, దీపం తిప్పుకుంటూ. పట్టుకోలేదు. వెనకాలే ఉండి, ఎర్ర కారు ఆగితే ఆగి, కదిలితే కదిలింది. తీసేయమంటే పూర్తిగా తీసేస్తానన్నాడు వాడు. నెరీనక్క వద్దంది. "ఉండనీ. వెనకాల ఒక మనిషి వస్తుంటే ఆ పిల్లకు భయమనిపించదు." ఆ ఒక్క కాసెట్‌నూ పోస్టులో పంపింది. నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఒక ఆదివారమంతా ప్రయాణం చేసి చివరిదాకా వెళ్లానని, చివర మళ్లీ రియెకాయే వచ్చిందని, అందుకు బాధేమీ కలగలేదని.

మరుసటేడు జూన్‌లో ఎటెల్కా వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి. గుండ్రటి ముఖం, ఎండ తగలని చేతులు, ఫోనులో మాట్లాడి మాట్లాడి స్పష్టమైపోయిన గొంతు. మేం డ్యూటీ దిగి ఆమెను రైలు స్టేషన్‌లో కలుసుకుని మూడున్నర బస్సెక్కాం. నెరీనక్క కిటికీ పక్క సీటు ఆమెకిచ్చింది. ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బస్సు ఊరు దాటగానే ఎటెల్కా పెదవులు కదలడం మొదలైంది. "ఇప్పుడు పొగగొట్టం," అనేది, పొగగొట్టం వచ్చేది. "ఇప్పుడు వంతెన." వచ్చేది. "ఇప్పుడు గోడ మీద అంజూరం, రెండు కొమ్మలు." కొమ్మలు కిటికీని రాసుకుంటూ పోయాయి. బస్సులో జనం తిరిగి చూడసాగారు. కండక్టర్, "ఏమ్మా, ఈ దారిన రోజూ తిరుగుతావా?" అని అడిగాడు. "ఇదే మొదటిసారి," అందామె, కళ్లు కిటికీలోంచి తీయకుండా.

నెరీనక్క వేళ్లు ఒళ్లో ముడుచుకుని, గుక్కపెట్టి ఏడ్వబోతున్న దానిలా కూర్చుంది. ఏడ్వలేదు.

"ఇప్పుడు చిన్న రేవు," అంది ఎటెల్కా. "రెండు సైప్రస్ చెట్లు, కింద ఆకుపచ్చ పడవ."

మలుపు తిరిగింది. బండరాయి వచ్చింది. మళ్లీ బండరాయి. రేవు రాలేదు.

"పడవ ఏదక్కా?"

"వస్తుంది. ఇక్కడే," అంది నెరీనక్క. ఇంకో మలుపు తిరిగింది. ఆమె లేచి నిలబడింది. "ఆపండి! ఆపండి, దిగుతాం!"

ముగ్గురం రోడ్డు మీద దిగాం. ఎండ మండిపోతోంది. నాకు కొత్త చెప్పులు కరుస్తున్నాయి. నెరీనక్క వచ్చిన దారినే వెనక్కి నడిచింది, గోడ మీంచి ప్రతి పది అడుగులకూ వంగి చూస్తూ. కింద రాళ్లు, రాళ్ల మధ్య ముళ్లపొదలు, వాటికింద నీళ్లు. రేవు లేదు. సైప్రస్ చెట్లు లేవు.

"ఇరవై నాలుగేళ్లు," అంటోంది తనలో తనే. "రోజుకు రెండుసార్లు. నేను దాన్ని చూశానే వింకా. పడవ ముందుభాగం మీద తెల్ల గీత కూడా ఉంది."

"నేనూ ఇన్నేళ్లుగా ఇదే బస్సులో కదా వస్తున్నానక్కా. ఎప్పుడూ లేదు." అనకుండా ఉండాల్సింది. అనేశాను.

ఆమె గోడ మీద కూర్చుండిపోయింది. ముఖం తెల్లబోయింది. "మరి నేనెక్కడ చూశాను?"

ఎటెల్కా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నేనూ చూశాను కదక్కా," అంది, ఎంతో మామూలుగా, ఫోనులో నంబరు చెబుతున్నట్టు. "వందసార్లు చూశాను. తెల్ల గీత నిజమే. పడవ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది."

నెరీనక్క ఆమె వైపు తిరిగింది. "ఒరిగే ఉంటుంది," అంది చివరికి. "ఆ మూల ఒక గడి తక్కువైంది నాకు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తర్వాత బస్సుకు గంట టైముంది కనుక రాళ్ల మీద చేతులు పట్టుకుని కిందికి దిగాం. ఎటెల్కా చెప్పులు విడిచి నీళ్లలో మోకాళ్లదాకా నిలబడింది. "చల్లగా ఉందే!" అని కేకేసింది, అది ఎవరూ ఆమెకు చెప్పలేదన్నట్టు. మేం ఒడ్డున కూర్చున్నాం. అలలు ఎన్నిటికోసారి తిరిగొస్తున్నాయో నేను లెక్కపెట్టాలని చూశాను. కుదరలేదు.

అయిదున్నర బస్సు దొరికింది. ఎండకూ, అలసటకూ ముగ్గురం వెనక సీట్లో ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయాం. మెలకువ వచ్చేసరికి నోవీ దాటిపోయింది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "నెరీనా, ఇవాళ ఇల్లు అమ్మేశావా ఏంటి?" అని ఎగతాళి చేశాడు. ఆపమంటుందనుకున్నాను. ఆమె ఆపమనలేదు. అటువైపు కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి, ఇళ్లుండవు. సాయంత్రపు వెలుగు రాళ్ల మీద తేనెలా పాకుతోంది.

"తర్వాత ఏమొస్తుందక్కా?" అని అడిగింది ఎటెల్కా.

"నాకు తెలీదే," అంది నెరీనక్క. ఆ మాట ఎంత సంతోషంగా అందో నేను విన్నాను.

ఎటెల్కా ఇంకో రెండు వేసవులు వచ్చింది. తర్వాత యుద్ధం వచ్చి మా దేశం ముక్కలైంది, ఫోన్లు తెగాయి, ఉత్తరాలు ఆగాయి. నాలుగేళ్ల తర్వాత ఎటెల్కా హంగరీ నుంచి ఒక కార్డు రాసింది, అక్కడికి వెళ్లిపోయానని, పెళ్లయిందని, కూతురు పుట్టిందని. మా ఫ్యాక్టరీ మూసేశారు. దావోరిన్ ల్యుబ్లియానాలో బ్యాంకులకు ప్రోగ్రాములు రాస్తాడు, పిన్ని పుట్టినరోజుకు తప్పకుండా ఫోన్ చేస్తాడు. నెరీనక్కకు ఈ ఏడు ఎనభై ఐదు. చూపు మందగించి గీయడం మానేసింది. వారంలో రెండుసార్లు మాత్రం పనేమీ లేకపోయినా బస్సెక్కుతుంది. నోవీ నుంచి రియెకా వైపు కాదు, అటువైపు, కొండల అవతలి పట్టణం సెన్య్ దాకా. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసి ఇవాళ నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతుంది.